ఒరిజినల్ ఫోన్లో ఉంది, జిరాక్స్ కౌంటర్లో కావాలట: డిజిలాకర్‌తో నా నాలుగేళ్లు

పోయిన వేసవిలో తిరుపతి. కొండ దిగేసరికి రాత్రి పదకొండు దాటింది. లాడ్జి కౌంటర్లో కుర్రాడు ఐడీ అడిగితే ఫోన్ తీసి, ప్రభుత్వ కాగితాలు ఫోన్లో ఉంచుకునే డిజిలాకర్ యాప్‌లో ఆధార్ తెరిచి అతని ముందు పెట్టాను. చూశాడు. బాగానే చూశాడు పాపం, ఫొటోలో నిండా జుట్టు, ఎదురుగా నున్నటి గుండు, దాని మీద గంధం, రెంటినీ ఒకటికి రెండుసార్లు పోల్చుకుని "పర్లేదు సార్, ఇక్కడికొచ్చేవాళ్లు సగం మంది ఇంతే" అని నవ్వాడు. నవ్వి, రిజిస్టర్ నా వైపు తిప్పుతూ "జిరాక్స్ ఒకటి ఇవ్వండి సార్" అన్నాడు. ఇదే ఒరిజినల్ బాబూ, నేరుగా ప్రభుత్వం దగ్గర్నుంచి వచ్చింది, కావాలంటే స్కాన్ చేసి చూసుకో అన్నాను. "అదంతా నాకు తెలీదు సార్, మా ఓనర్‌కి ఫైల్లో కాగితం కనపడాలి" అన్నాడు.

పక్క సందులో ఒక్క జిరాక్స్ షాపు తెరిచి ఉంది. షాపతను గోడకి అంటించిన వాట్సాప్ నంబరు చూపించి "దీనికి కొట్టండి" అన్నాడు. పంపాను. ప్రింట్ తీయడానికి కంప్యూటర్లో వాట్సాప్ తెరిస్తే నా పైనా కిందా అన్నీ ముక్కూమొహం తెలియని నంబర్లే, ఒక్కో నంబరు కింద ఒక ఆధారో, పాన్ కార్డో, ఎవరిదో పెళ్లి శుభలేఖో. పది రూపాయలు తీసుకుని కాగితం చేతిలో పెట్టాడు. ప్రింట్ తీశాక ఇవన్నీ డిలీట్ చేస్తారా అని అడిగితే "రోజుకి ఎన్నని చేస్తాం సార్" అన్నాడు. అతన్ని అనడానికేం లేదు. తిరిగొచ్చి కాగితం ఇస్తే లాడ్జి కుర్రాడు దానికి రెండు కన్నాలు పొడిచి బాక్స్ ఫైల్లో పడేసి, వైఫై పాస్‌వర్డ్ ఒక చీటీ మీద రాసిచ్చాడు. గదికొచ్చాక ఆ చీటీ తిప్పి చూస్తే వెనక ఎవరిదో ఆధార్ జిరాక్స్, సగం ముక్క. పేరు దగ్గర చిరిగిపోయింది గానీ ఊరు, పిన్‌కోడు మాత్రం శుభ్రంగా చదవడానికొస్తున్నాయి.

ఈ రివ్యూ ఆ లాడ్జి గురించి కాదు లెండి, గది బాగానే ఉంది, వేడినీళ్లు కూడా వచ్చాయి. డిజిలాకర్ గురించి. నాలుగేళ్ల పైనే వాడుతున్నాను, ఇంట్లో అందరికీ దగ్గర కూర్చుని నేనే పెట్టించాను, అందుకని ఎవరికి ఎక్కడ ఇబ్బంది వచ్చినా ఫోన్ నాకే వస్తుంది. మార్కులు ముందే చెప్పేస్తా. యాప్‌కి 5కి 4. దాన్ని చూడాల్సిన అవతలి వాళ్లకి 5కి ఒకటిన్నర, ఆ అర కూడా ట్రాఫిక్ వాళ్ల పుణ్యాన వచ్చింది.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. డిజిలాకర్ కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ మంత్రిత్వ శాఖది, 2015 జులై 1న డిజిటల్ ఇండియాతో పాటు ప్రారంభించారు. డబ్బులేం అక్కర్లేదు. ఆధార్‌కి లింకైన ఫోన్‌కి ఓటీపీ వస్తుంది, ఆరంకెల పిన్ ఒకటి పెట్టుకుంటాం, ఆ తర్వాత లైసెన్సు, ఆర్‌సీ, పాన్, టెన్త్ మెమో ఇలా ఒక్కోదాన్నీ అది ఇచ్చిన శాఖ నుంచే తెప్పించుకుంటాం. ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. అందులో రెండు అరలుంటాయి. ఒకటి ఇష్యూడ్ డాక్యుమెంట్లది, రెండోది మనంతట మనం అప్‌లోడ్ చేసుకునేది. మా ఆఫీసులో ఒకాయన లైసెన్సు కార్డుని ఫొటో తీసి రెండో అరలో పెట్టుకుని, నాది డిజిలాకర్‌లో ఉంది అని ఏడాది పాటు ధీమాగా బండి మీద తిరిగాడు. ఫోన్ గ్యాలరీలో ఫొటో ఉన్నట్టే అది, దానికి ఏ విలువా లేదు. అప్‌లోడ్ అరలో 1 జీబీ జాగా ఇస్తారు, కరెంటు బిల్లులూ పిల్లల టీకా కార్డులూ దాచుకోవడానికి పనికొస్తుంది, అంతకుమించి ఆశ పెట్టుకోవద్దు.

విలువంతా ఇష్యూడ్ అరలో ఉన్నవాటికే. 2017 ఫిబ్రవరిలో ఐటీ చట్టం కింద ఉన్న డిజిటల్ లాకర్ రూల్స్‌లో చేర్చిన 9ఏ ప్రకారం వాటిని ఒరిజినల్‌తో సమానంగా చూడాలి. 2018లో కేంద్ర రవాణా శాఖ కూడా డిజిలాకర్‌లోనో తన సొంత యాప్ ఎం-పరివాహన్‌లోనో చూపించిన లైసెన్సు, ఆర్‌సీ చెల్లుతాయని రాష్ట్రాలన్నిటికీ చెప్పింది. ఈ సంవత్సరాలు గుర్తు పెట్టుకోండి. కౌంటర్లో వాదన పడినప్పుడు ఉత్తినే "చెల్లుతుందండీ" అంటే ఎవరూ వినరు, "2017 రూల్ 9ఏ" అనండి, అవతలాయన గొంతు ఒక మెట్టు దిగుతుంది. వినరనుకోండి, అయినా గొంతు దిగుతుంది.

ఇంకో సంగతి, ఇష్యూడ్ డాక్యుమెంట్ నిజానికి మన లాకర్లో కూర్చుని ఉండదు. అక్కడ ఉండేది ఒక చిరునామా లాంటిది. మనకి కావాల్సినప్పుడు ఆ చిరునామా పట్టుకుని, ఇచ్చిన శాఖ దగ్గరికెళ్లి కాగితాన్ని తెస్తుంది. నెట్ సరిగ్గా లేని చోట, అవతలి శాఖ సర్వర్ నిద్రపోతున్నప్పుడు ఇబ్బంది పడేది అందుకే. ప్రయాణానికి ముందు రాత్రే పీడీఎఫ్‌లు దించి పెట్టుకోవడం నా అలవాటు.

ఆ కాగితం మీద డిజిటల్ సంతకం ఉంటుంది. అసలు కథంతా ఈ సంతకంలోనే ఉంది, అందుకని కాస్త ఓపిక పట్టండి. మేం ఉద్యోగాలకి అప్లై చేసుకునే రోజుల్లో అటెస్టేషన్ అంటే ఆకుపచ్చ ఇంకు, గుండ్రటి స్టాంపు. తెనాలిలో మా వీధి చివర ఒక జూనియర్ కాలేజీ ప్రిన్సిపాల్ గారుండేవారు. పొద్దున్నే వాళ్లింటికి వెళ్లి అరుగు మీద కూర్చుంటే ఆయన పేపర్ చదవడం అయ్యాక పిలిచేవారు, ఇరవై జిరాక్సుల మీద ఇరవై సంతకాలు టకటకా పెట్టేసేవారు. ఒరిజినల్స్ పట్టుకెళ్లేవాణ్ణి గానీ ఆయన ఒక్కరోజు కూడా వాటి వంక చూసిన పాపాన పోలేదు. సరే, ఆయనకి మా నాన్న తెలుసు. కానీ ఆ కాగితం ఢిల్లీలో ఏ ఆఫీసుకో చేరాక, ఆ ఆకుపచ్చ గీత ఆయనదే అని అక్కడి గుమాస్తాకి తెలిసే దారేది? రబ్బరు స్టాంపు చేసేవాడికి అలాంటి ముద్ర గంట పని. 2014లో కేంద్రం ఈ తంతు చాలిక, మీ కాగితాల మీద మీరే సంతకం పెట్టుకోండి అంది. బాగుంది, కానీ నా కాగితం నిజమైందే అని నేనే చెప్పుకోవడం వల్ల అవతలివాడికి తెలిసేదేంటో నాకిప్పటికీ అర్థం కాదు.

డిజిటల్ సంతకం అలా కాదు. కాగితం ఇచ్చే శాఖ తన దగ్గర మాత్రమే ఉండే రహస్య తాళంచెవితో సంతకం చేస్తుంది. ఆ సంతకం అసలుదా కాదా అని చూసుకోవడానికి దానికి జోడీగా ఇంకో చెవి ఉంటుంది, అది బహిరంగం, ఎవరైనా వాడుకోవచ్చు. పుట్టిన తేదీలో ఒక్క అంకె మార్చారా, సంతకం పొసగదు. ఇచ్చినవాడు ఒకడు, దాచుకున్నవాడు ఒకడు, చూసుకునేవాడు ఒకడు, ఈ మూడోవాడు మొదటివాడికి ఫోన్ చేయకుండానే, రెండోవాడి మొహం చూసి నమ్మకుండానే, తనంతట తను తేల్చుకోవచ్చు. వెరిఫయబుల్ క్రెడెన్షియల్ అని సాఫ్ట్‌వేర్ వాళ్లు గొప్పగా చెప్పుకునేది దీన్నే. వెబ్ ప్రమాణాలు రాసే డబ్ల్యూ3సీ 2019లో దీనికొక పద్ధతి ఖరారు చేసింది, 2025లో రెండో వెర్షన్ కూడా వచ్చింది. డిజిలాకర్ అచ్చంగా ఆ పద్ధతిలోనే నడుస్తుందని కాదు, ఆలోచన మాత్రం ఒకటే.

అచ్చం ఆ పద్ధతిలో వచ్చింది మనందరి దగ్గరా ఉంది, మీకు గుర్తుందో లేదో. కోవిన్ ఇచ్చిన కోవిడ్ టీకా సర్టిఫికెట్. దాని మీద ఉన్న క్యూఆర్ కోడ్ డబ్ల్యూ3సీ పద్ధతిలో సంతకం చేసిన క్రెడెన్షియలే. కోట్లమంది చేతికి ఒకేసారి ఇలాంటి కాగితం అందడం మామూలు విషయం కాదు. మరి మనం ఏం చేశాం? ల్యామినేషన్ చేయించాం. మాల్ గేటు దగ్గర సెక్యూరిటీ ఆయనకి రెండడుగుల దూరం నుంచి ఫోన్ ఊపి లోపలికెళ్లిపోయాం. ఆయన చూసింది దాని మీద ఉన్న ఫొటోని. దాన్ని స్కాన్ చేసిన మనిషిని నేను ఒక్కరినీ చూడలేదు, మీరు చూస్తే చెప్పండి.

ట్రాఫిక్ వాళ్ల గురించి అన్నాను కదా. కూకట్‌పల్లి వైపు ఒక సిగ్నల్ దగ్గర ఆపారు. "ఆర్‌సీ, లైసెన్స్ చూపించన్నా." ఫోన్లో చూపించాను. తల ఊపాడు, పొల్యూషన్ ఉందా అన్నాడు, ఉందన్నాను, పొమ్మన్నాడు. మొత్తం నిమిషం కూడా పట్టలేదు. హైదరాబాదులో వాళ్లకి ఇది కొత్త కాదు, తెలంగాణలో రవాణా శాఖ యాప్ ఆర్‌టీఏ ఎం-వాలెట్ 2016లోనే వచ్చింది, ఫోన్లో ఆర్‌సీ చూడ్డం అప్పట్నుంచే వాళ్లకి అలవాటు. కానీ ముందుకెళ్లాక ఆలోచిస్తే, ఆయన కూడా స్కాన్ చేయలేదు. నేను స్క్రీన్‌షాట్ చూపించినా అంతే తల ఊపేవాడు. తేడా ఏంటంటే ఆయన చేతిలో చలానా మిషను ఉంది, అనుమానం వస్తే బండి నంబరు కొట్టి చూసుకోగలడు, నా ఫోన్ మీద ఆధారపడాల్సిన పని లేదు. లాడ్జి కుర్రాడి చేతిలో అలాంటిదేం లేదు, కన్నాలు పొడిచే మిషను తప్ప. అందుకే అతనికి కాగితం కావాలి. నన్ను నమ్మడానికి కాదు, రేపెవరైనా అడిగితే చూపించడానికి.

ఒక బ్యాంకు బ్రాంచిలో జరిగింది ఇంకా విచిత్రం. అడ్రస్ ప్రూఫ్‌గా పీడీఎఫ్ మెయిల్ చేశాను. అక్కడి మేడమ్ దాన్ని కంప్యూటర్లో తెరిచి, సంతకం ఉన్న చోట పసుపు రంగు ప్రశ్నార్థకం నాకు చూపించి "ఇది ఫేక్ అని వస్తోందండీ" అన్నారు. ఈ ప్రశ్నార్థకం దెబ్బకి ఎంతమంది వెనక్కొచ్చి ఉంటారో. సంతకం దొంగదని దాని అర్థం కాదు, మన దేశంలో ఇలాంటి సంతకాలకి పెద్ద దిక్కు ఎవరో ఆ కంప్యూటర్లో ఉన్న పీడీఎఫ్ సాఫ్ట్‌వేర్‌కి ఎవరూ పరిచయం చేయలేదని అర్థం. సంతకం మీద నొక్కి, ఈ సర్టిఫికెట్‌ని నమ్ము అని ఒక్కసారి చెబితే అదే ప్రశ్నార్థకం ఆకుపచ్చ టిక్ అయిపోతుంది, ఆ తర్వాత ఆ సంస్థ నుంచి ఎన్ని వచ్చినా టిక్కే. రెండు నిమిషాల పని. చేసి చూపిస్తానన్నాను. బ్యాంకు కంప్యూటర్ ముట్టుకోనివ్వరు కదా, అది న్యాయమే. చివరికి ఆవిడ అన్న మాట వినండి: "ఇదే ప్రింట్ తీసి, మీరే సంతకం పెట్టి ఇచ్చేయండి, తీసుకుంటాను." గణితం మీద నిలబడ్డ సంతకం చెల్లలేదు, నేను మోకాలి మీద పెట్టి గీకిన సంతకం చెల్లింది.

ఇంత చెప్పినా 4 మార్కులు ఎందుకిచ్చానంటే, అవతల కూడా మిషనే ఉన్నప్పుడు డిజిలాకర్ పనితనం వేరే లెవల్. పోయినేడు ఉద్యోగం మారాను. కొత్త కంపెనీ వాళ్లు వెరిఫికేషన్ లింక్ పంపారు. నొక్కితే డిజిలాకర్ తెరుచుకుని, ఫలానా సంస్థ నీ దగ్గర్నుంచి ఫలానా డాక్యుమెంట్లు అడుగుతోంది, కారణం ఇది, అనుమతి ఫలానా తేదీ వరకు అని ఒక పేజీ చూపించింది. ఒక్కోదాని పక్కన టిక్ బాక్స్. ఇష్టం లేనిది తీసేయొచ్చు. నేను ఆగి చదివాను, మీరూ చదవండి, చాలామంది గబగబా కింద బటన్ నొక్కేస్తారు. పిన్ కొట్టాను, అయిపోయింది. పాత ఉద్యోగం మారినప్పుడు ఇదే పనికి ఒకాయన బైక్ మీద ఇంటికొచ్చి, మా గుమ్మం ముందు నన్ను నిలబెట్టి ఫొటో తీసుకుని, పక్కింటావిడని నా గురించి అడిగి వెళ్లాడు. ఆవిడ ఇప్పటికీ "ఆ రోజు పోలీసులెందుకొచ్చారండీ" అంటుంది.

ఎవరికి ఏ అనుమతి ఇచ్చామో తర్వాత చూసుకుని, అక్కర్లేనివి రద్దు చేసే వీలు కూడా ఉంది. యాక్టివిటీ అని ఇంకో చోట ఎప్పుడు ఏం జరిగిందో వరసగా ఉంటుంది. బాక్స్ ఫైల్లో కన్నం పడిన జిరాక్స్‌ని ఏ యాప్‌తో రద్దు చేస్తాం చెప్పండి.

డిగ్రీ సర్టిఫికెట్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. నకిలీ సర్టిఫికెట్ల ముఠా పట్టుబడింది, ఇన్ని యూనివర్సిటీల స్టాంపులు దొరికాయి అన్న వార్త హైదరాబాదులో చదివీ చదివీ మొద్దుబారిపోయాం. నేషనల్ అకడమిక్ డిపాజిటరీ అని యూనివర్సిటీలూ బోర్డులూ తమ మెమోలూ డిగ్రీలూ పెట్టే చోటు ఒకటుంది, అది డిజిలాకర్‌లోనే నడుస్తోంది. అందులోంచి వచ్చిన డిగ్రీని చూసుకునేవాడు సరిగ్గా చూసుకుంటే ఆ స్టాంపుల వ్యాపారానికి పనుండదు. పాత బ్యాచ్‌ల రికార్డులు చాలా చోట్ల ఇంకా ఎక్కలేదు, అదొక వెలితి.

ఇప్పుడు అసలు తలనొప్పి. పేర్లు. తెలుగువాళ్లకి ఈ సిస్టమ్‌తో ఉన్న గొడవ ఇంకెవరికీ ఇంతలా ఉండదేమో. మనకి ఇంటిపేరు ముందు, అదీ ఒక్క అక్షరం. ఆధార్ తీయించుకునేటప్పుడు అక్కడ కూర్చున్న ఆపరేటర్ పూర్తి పేరు చెప్పమంటే ఇంటిపేరు మొత్తం చెప్పాం, అతనేమో దాన్ని తీసుకెళ్లి చివర పెట్టాడు. టెన్త్ మెమోలో స్కూల్ సారు నామినల్ రోల్స్‌లో, అంటే పరీక్ష రాసేవాళ్ల జాబితాలో, ఎలా రాస్తే అలా. లక్ష్మికి చివర్న ఐ పెట్టాలా వై పెట్టాలా, రావు చివర ఓ ఉండాలా యూ ఉండాలా, శ్రీలో ఇ రెండుసార్లా ఒక్కసారా, ఇవన్నీ ఆ రోజు ఆ సారు మూడ్‌ని బట్టి తేలిన విషయాలు. మనిషికి ఇవన్నీ ఒకే పేరు. మిషనుకి మూడు వేర్వేరు మనుషులు.

మా మేనల్లుడు డిగ్రీలో చేరినప్పుడు కాలేజీ వాళ్లు అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఐడీ, అంటే చదువులో వచ్చే క్రెడిట్లు జమయ్యే ఖాతా నంబరు, తెమ్మన్నారు. అది డిజిలాకర్ ద్వారానే తీసుకోవాలి, పేరు ఆధార్ నుంచి వస్తుంది. వాడి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరం, ముందు. ఆధార్‌లో మొత్తం ఇంటిపేరు, వెనక. కాలేజీ ఆఫీసులో, రెండూ ఒకేలా ఉంటే తప్ప కుదరదన్నారు. "మామయ్యా, ఏది మార్చాలి?" అని రాత్రి పదింటికి ఫోన్. మెమో మార్చాలంటే స్కూలు హెడ్మాస్టర్ దగ్గర్నుంచి మొదలుపెట్టి పైదాకా వెళ్లాలి, ఆ స్కూలేమో ఎప్పుడో మూతపడింది. ఆధార్ తేలిక, మెమోనే ప్రూఫ్‌గా పెట్టి మార్చుకోవచ్చు, కాకపోతే ఆధార్‌లో పేరు మార్పుకి జీవితం మొత్తానికి రెండు ఛాన్సులే ఇస్తారు. ఒక ఛాన్స్ వాడేశాం. మెమో, ఆధార్ ఒకటయ్యాయి, అందరం ఊపిరి పీల్చుకున్నాం. నెల తిరిగేసరికి మళ్లీ ఫోన్. షేర్లు కొనడానికని వాడు పద్దెనిమిది నిండగానే పాన్ కార్డు తీసుకున్నాడట, పాత ఆధార్ పేరుతో. ఇప్పుడు పాన్‌కీ ఆధార్‌కీ చెడింది.

మాటల్లో మాట, ఆధార్ ఇచ్చే ఉడాయ్ సంస్థ సైట్ నుంచి ఈ-ఆధార్ దించుకునేవాళ్లకి. దాని పాస్‌వర్డ్ పేరులో మొదటి నాలుగు అక్షరాలు ఇంగ్లీషు క్యాపిటల్స్‌లో, పక్కన పుట్టిన సంవత్సరం. ఇంటిపేరు ఒక్క అక్షరం పక్కన చుక్క ఉంటే ఆ చుక్క కూడా ఒక అక్షరం కిందే లెక్క. ఇది తెలియక మా బావగారు ఒక ఆదివారం మధ్యాహ్నం మొత్తం తిట్టుకుంటూ కూర్చున్నారు.

నాన్న సంగతి వేరు. ఆయనకి డిజిలాకర్ పెట్టిద్దామని తెనాలి వెళ్లినప్పుడు కూర్చుంటే ఓటీపీ రాదు. ఎంతకీ రాదు. తీరా చూస్తే ఆధార్‌లో ఉన్న నంబరు ఎప్పుడో పదేళ్ల కిందటి సిమ్‌ది, రీచార్జి చేయక పోయింది. ఆ నంబరు ఇప్పుడు ఇంకెవరి దగ్గరుందో, మా నాన్న ఓటీపీలు ఏ ఊళ్లో ఎవరి ఫోన్లో మోగుతున్నాయో. ఆధార్ సెంటర్‌కి తీసుకెళ్లి, యాభై రూపాయలు కట్టి (2025 అక్టోబరు నుంచి 75 చేశారు) కొత్త నంబరు ఇప్పించాను. ఇంట్లో పెద్దవాళ్లుంటే మీరు ఈ రోజే చూడాల్సింది ఇదొక్కటే. మొత్తం డిజిటల్ మేడంతా ఒక్క సిమ్ కార్డు మీద నిలబడి ఉంది, అది నాకు నచ్చని విషయం, ఒక మార్కు తగ్గించింది దానికే. 2020లో ఓటీపీ దశని దాటేసి వేరేవాళ్ల ఖాతాలోకి వెళ్లగలిగే లోపం ఒకటి సెక్యూరిటీ పరిశోధకులు డిజిలాకర్‌లో బయటపెట్టారు, వెంటనే సరిచేశారు కూడా. సరిచేశారు కాబట్టి భయం లేదు. కానీ లైసెన్సు నుంచి డిగ్రీ దాకా అన్నీ ఒకే తాళం కింద ఉన్నప్పుడు పిన్ 123456 పెట్టుకునేవాళ్లని చూస్తే టెన్షన్ వస్తుంది. మా ఇంట్లోనే ఉన్నారు ఒకరు, పేరు చెప్పను, ఈ రివ్యూ ఆవిడ చదువుతుంది.

నామినీ పెట్టుకునే వీలు కూడా వచ్చింది. 2025 ఏప్రిల్ నుంచి, షేర్ మార్కెట్‌ని అదుపులో పెట్టే సెబీ ఏర్పాటు ప్రకారం షేర్లు, మ్యూచువల్ ఫండ్ల వివరాలు కూడా డిజిలాకర్‌లోకి తెచ్చుకోవచ్చు, మనిషి పోయాక నామినీకి ఏమేం ఉన్నాయో కనిపిస్తాయి. నాన్నతో ఈ మాట ఎత్తితే ఆయన "బీరువాలో పచ్చ ఫైల్లో అన్నీ ఉన్నాయిరా" అన్నారు. ఉన్నాయి నిజమే, ఆయన ఫైలు ముందు ఏ యాప్ పనికిరాదు.

లాడ్జి లాంటి చోట్లకి మందు కూడా తయారవుతోంది. 2022 మేలో ఉడాయ్ బెంగళూరు ఆఫీసు, ఆధార్ జిరాక్సులు ఎవరికి పడితే వాళ్లకి ఇవ్వొద్దు, హోటళ్లూ సినిమా హాళ్ల లాంటివి వాటిని తీసుకుని దాచుకోకూడదు అని ఒక ప్రకటన ఇచ్చింది. జనం హడలిపోయారు. రెండ్రోజుల్లో, తప్పుగా అర్థం చేసుకునే అవకాశముందని దాన్ని వెనక్కి తీసుకున్నారు. అలా రెండ్రోజులు మాత్రం మన జిరాక్సులకి గౌరవం దక్కింది. 2025 నవంబరులో వచ్చిన కొత్త ఆధార్ యాప్‌లో ఏది చూపించాలో మనమే ఎంచుకోవచ్చు, పేరూ ఫొటో మాత్రమే చూపించి మిగతావి దాచేయొచ్చు, పద్దెనిమిది నిండాయా లేదా అన్నంత వరకే చెప్పొచ్చు. లాడ్జివాడికి నా పుట్టిన తేదీ, ఇంటి నంబరు ఎందుకు? ఎదురుగా ఉన్నది నేనేనని తేలితే చాలు. నాకు ఈ పద్ధతి డిజిలాకర్ కంటే నచ్చింది. పూర్తి కాగితం ఇవ్వడం అలవాటైన మనకి, కాగితంలో ఒక ముక్క మాత్రం ఇవ్వొచ్చన్న ఆలోచనే కొత్త.

విమానం ఎక్కేవాళ్లకి డిజియాత్ర తెలిసే ఉంటుంది. 2022 డిసెంబరు 1న ఢిల్లీ, బెంగళూరు, వారణాసిలో మొదలైంది, తర్వాత కొన్నాళ్లకే శంషాబాద్‌కీ గన్నవరానికీ వచ్చింది. అందులో మన వివరాలు మన ఫోన్లోనే ఉంటాయి, ఎయిర్‌పోర్టుకి పంపినవి ప్రయాణం అయ్యాక 24 గంటల్లో చెరిపేస్తామంటారు. మొహం చూపిస్తే గేటు తెరుచుకుంటుంది. జిరాక్స్ అడిగే నోరు ఆ గేటుకి లేదు. మొహాలు గుర్తుపట్టే మిషన్ల మీద నాకు వేరే భయాలున్నాయి, అది ఇంకో రోజు రాస్తాను.

ఎవరు పెట్టుకోవాలి అంటే, బండి ఉన్న ప్రతివాళ్లూ, కాలేజీలో చేరబోయే పిల్లలున్న ప్రతి ఇల్లూ. పిల్లలు టెన్త్‌లో ఉంటే ఇప్పుడే, నామినల్ రోల్స్ వెళ్లకముందే, ఆధార్ స్పెల్లింగ్ కాగితం మీద రాసి స్కూల్లో ఇచ్చేయండి. ఆ ఒక్క పనితో మీకు మా మేనల్లుడి పాట్లు తప్పుతాయి.

పోయిన నెల తెనాలి వెళ్తే నాన్న జేబులోంచి ఒక కార్డు తీసి గర్వంగా చూపించారు. డిజిలాకర్‌లో ఉన్న తన డ్రైవింగ్ లైసెన్సుని బజార్లో ప్రింట్ తీయించి, పర్సులో పట్టేట్టు కత్తిరించి, ల్యామినేషన్ చేయించారు. ఇదెందుకు నాన్నా, ఫోన్లో ఉందిగా అన్నాను. "ఫోన్లో చార్జింగ్ అయిపోతే?" అన్నారు. జవాబు లేదు నా దగ్గర. సరదాకి నా ఫోన్లో డిజిలాకర్ స్కానర్ తెరిచి ఆ కార్డు మీద క్యూఆర్‌కి పట్టాను. ల్యామినేషన్ మీద ట్యూబ్‌లైటు పడి మెరుస్తోంది, తీసుకోలేదు. కిటికీ దగ్గరికి పట్టుకెళ్లి కాస్త వంచాను. ఇంకొంచెం వంచాను. తీసుకుంది. స్క్రీన్ మీద ఆయన పేరు, ఆకుపచ్చ టిక్.

"ఏంట్రా అది?" అన్నారు నాన్న.

నాలుగేళ్లలో ఆ క్యూఆర్‌ని ఒక మనిషి స్కాన్ చేయడం నేను చూసింది అదొక్కసారే, ఆ మనిషినీ నేనే.